నూలు మిగిలిన కండె

పోయిన వారం మా ఆదోని ఇంటికి వార్డు ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో ఫోను, మెడలో కార్డు, ఎండకు తల మీద చున్నీ. మా వీధి చివర ఖాళీగా పడివున్న స్థలంలో పార్కు కట్టాలా, నీళ్ల ట్యాంకు కట్టాలా అని ఇంటింటి అభిప్రాయం తీసుకుంటున్నారట. మంచి పనే కదా అని కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాను. ఇంట్లో ముగ్గురం ఉన్నాం. నేను, మా కొడుకు, కోడలు. నాకు ట్యాంకు కావాలి, కోడలికి పార్కు కావాలి, కొడుకు మాత్రం రెండూ వద్దు, బండ్లు నిలుపుకోవడానికి చోటు చాలంటాడు. మూడూ రాసుకో అన్నాను. “ఇంటికి ఒకటే అవ్వా, ఫోన్లో ఒకటే గడి ఉండాది” అంది. ఎవరిది రాస్తావంటే యజమానిది అంది. యజమాని ఎవరంటే, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లు అంది. కరెంటు బిల్లు పదకొండేళ్ల కింద పోయిన మా ఆయన పేరు మీద ఉంది. ఆ సంగతి చెబితే ఆ పిల్ల కాసేపు ఫోను వైపు, కాసేపు గోడ మీది ఫోటో వైపు చూసి, మజ్జిగ తాగేసి, పెద్దసార్‌ను అడిగి మళ్లీ వస్తానని వెళ్లింది. ఇంకా రాలేదు.

ఇంటికి ఒకటా, మనిషికి ఒకటా అన్న తగువు నాకు కొత్త కాదు. నేను పుట్టిన ఎమ్మిగనూరు వీధిలో, నేను ఆరో తరగతి చదివేటప్పుడే ఆ తగువు తీరింది. అది ఏ ఏడో, ఏ నెలో, ఏ వారమో నా దగ్గర రాసిపెట్టి ఉంది. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ తేదీ వేసుకునే అలవాటు నాది. ఇక్కడ మాత్రం వేయను. వేస్తే చదివేవాళ్లు కథ వదిలిపెట్టి నా వయసు కూడుకుంటూ కూర్చుంటారు.

మాది మగ్గాల వీధి. ముప్పై ఒక్క ఇల్లు, ముప్పై నాలుగు మగ్గాలు. వీధి మొగదల నుంచి దిగువకు కొంచెం వాలుగా ఉండేది. మొగదలలో పెద్దిండ్లు, నాలుగూ అయిదూ మగ్గాలు ఉన్నవాళ్లు. దిగువన మాలాంటి ఒంటి మగ్గం వాళ్లు, మాకంటే కిందికి అసలు మగ్గమే లేని తొమ్మిది ఇండ్లు. పొద్దున్నే వీధి పొడవునా పడుగు సాగదీసి కట్టి గంజి పెట్టేవాళ్లు. పులిసిన గంజి, దాంట్లో కలిపే నూనె, తడి నూలు, ఈ మూడూ కలిసిన వాసన మా వీధికి పగలంతా ఉండేది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా అన్నం గంజి వారిస్తుంటే నా ముక్కు ముందు ఎమ్మిగనూరు పోయి వస్తుంది. మా నాయన గుంటలో కాళ్లు పెట్టి మగ్గం మీద కూర్చుంటే అన్నానికి తప్ప లేచేవాడు కాదు. అమ్మ వంటయ్యాక రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టేది. పడుగు మధ్య అటూ ఇటూ ఉరికే నాడెలో పెట్టే చిన్న పుల్లకు నూలు చుడితే అది కండె. నూలు అయిపోయిన కండెలను నాయన పక్కనున్న గంపలో పడేసేవాడు, అమ్మ ఆ గంప తెచ్చుకుని మళ్లీ చుట్టేది. ఇద్దరి మధ్యా మాటలు తక్కువ, గంప మాత్రం రోజుకు పదిసార్లు అటూ ఇటూ తిరిగేది. ఆదివారం బొరుగుల ఒగ్గాణి చేస్తే ఆ వాసనకు నాయన పిలవకుండానే లేచి వచ్చేవాడు. అదొక్కటే ఆయన చూపించే తొందర.

ఇల్లు నడిపేది మాత్రం మా అవ్వ, నాయనకు తల్లి. మోకాళ్లు పట్టుకుపోయి వసారాలో చాప మీద నుంచి లేచేది కాదు గానీ, చాప మీద నుంచే ముప్పై ఒక్క ఇంటి సంగతులూ తెలుసుకునేది. వక్క నములుతూ వేళ్ల కణుపుల మీద లెక్క పెట్టేది. నాకు లెక్కలు వచ్చింది బళ్లో కాదు, ఆమె కణుపుల మీద.

నీళ్లు మాత్రం మాకు పెద్ద కష్టం. తాగే నీళ్ల బావి మా ఇంటి నుంచి ఆరు వందల నలభై అడుగులు. నా కాళ్లతో లెక్కపెట్టినవే. పొద్దున నాలుగు తిరుగుళ్లు నావి. నాలుగో కుండ దించి, జడ వేసుకుని, బడికి ఉరికితే అప్పటికే ప్రార్థన అయిపోయి ఉండేది. టీచరు గుమ్మం బయట నిలబెట్టేది. గుమ్మం బయట నుంచి విన్న పాఠాలు ఎన్నో నోటు పుస్తకంలో గీతలు పెట్టుకున్నాను. ఆ ఏడాది నూట ఆరు. ఏడో తరగతికి హైస్కూలు ఇంకా దూరం. అవ్వ నాయనతో తేల్చి చెప్పింది. నీళ్లు ఇంత దూరం ఉంటే పిల్ల బడి మాట మరిచిపొమ్మంది. కోడలు నీళ్లకు పోతే కండెలు ఎవరు చుడతారు, కండెలు లేకపోతే మగ్గం ఎట్లా ఆడుతుంది? ఆమె లెక్కలో తప్పేమీ లేదు. అదే నాకు ఏడుపు తెప్పించింది.

అట్లాంటప్పుడు వీధికి ఒక కొళాయి వేస్తారని తెలిసింది. ఒకటే కొళాయి. కొలతలు తీసుకోవడానికి వచ్చిన ఓవర్సీరు సన్నగా, విసుగ్గా ఉండే మనిషి. పక్క వీధిలో కొళాయిని ఒక పెద్దమనిషి చెప్పినచోట, ఆయన అరుగు పక్కనే వేశారు. నెల తిరగకముందే దాని తల ఎవరో విరిచేశారు. మళ్లీ వేస్తే మళ్లీ విరిచారు. రెండు పక్షాల అర్జీలతో ఆయన బల్ల నిండిపోయింది. మా వీధికి వచ్చేసరికి ఆయన అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, యాడ వేయాలో మీరే తేల్చుకుని అందరూ వేలిముద్రలు పెట్టి పంపండి, ఎవరి సిఫారసూ నాకొద్దు, అని లేచిపోయాడు. అది సూత్రం కోసం చెప్పిన మాట కాదు, అలిసిపోయి చెప్పిన మాట. మంచి పద్ధతులు కొన్ని అట్లాగే పుడతాయని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది.

మా వీధికి తేల్చుకునే పద్ధతి ఒకటి ముందు నుంచీ ఉంది. పొద్దున ఎవరి పడుగు ముందు సాగదీయాలి, పండగకు ఏ మేళం పిలవాలి, ఇట్లాంటివి వచ్చినప్పుడు మూతికి గుడ్డ కట్టిన కుండ ఒకటి మధ్యలో పెడతారు. ఒక మాటకు నూలున్న కండె, ఇంకో మాటకు ఒట్టి కండె. గుడ్డ సందున చెయ్యి పెట్టి వేసి రావాలి. ఎవరు ఏది వేశారో కుండకే తెలుసు. అయితే కండె మగ్గానికి ఒకటి. అయిదు మగ్గాల రామలింగప్పకు అయిదు, మాకు ఒకటి, మగ్గం లేనివాళ్లకు ఏమీ లేదు. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు, ఎందుకంటే ఎవరూ దాని గురించి అనుకోలేదు.

అమావాస్య నాడు మగ్గాలకు సెలవు. ఆ మధ్యాహ్నం అందరూ మా వసారా ముందు చేరారు. అవ్వ లేవలేదు కాబట్టి వీధే ఆమె దగ్గరికి వచ్చింది. ముందుగా చెప్పుకున్నది ఇది. కొళాయి మొగదలలో వేస్తే ఒట్టి కండె, దిగువన మా వాకిలి ఎదురుగా వేస్తే నూలు కండె. రామలింగప్ప కుండ పెట్టించి, మగ్గాల లెక్క చదవబోయాడు. వీధిలో పెద్దవాడు, మంచివాడు కూడా. ఆ రోజుల్లో ఎవరైనా అట్లాగే చేసేవాళ్లు. అవ్వ వక్క ఉమ్మేసి, నీళ్లు మగ్గం తాగుతుందా మనిషి తాగుతాడా అని అడిగింది. నవ్వులు లేచాయి. రామలింగప్ప కూడా నవ్వి, ఆనవాయితీ అన్నాడు.

అవ్వ అంది, “ఆనవాయితీ పడుగులకప్పా. నీళ్లకు కాదు. ఇంట్లో ఎదిగిన ప్రతి చెయ్యికీ ఒక కండె. నీ అయిదు మగ్గాలూ కుండెత్తి బాయికాడికి పోతాయంటే సెప్పు, అయిదూ వేసుకో.”

దిగువ చివరింటి మరియమ్మ మట్టి పనికి పోయే మనిషి. ఆమె వెనక నుంచి అంది, “నాకు కండె యాడిది అవ్వా? నా ఇంట్లో గంపా పారా ఉండాయి. పార వేస్తే కుండ పగుల్తాది.”

ఈసారి నవ్వు మొగదల దాకా పోయింది. రామలింగప్పే తన ఇంటి నుంచి ఒక గంప కండెలు తెప్పించి, లేనివాళ్లంతా తీసుకోండి, నూలుదీ ఒట్టిదీ రెండూ తీసుకోండి, వేసేది వేసి మిగిలింది మళ్లీ నా గంపలో పడేయండి అన్నాడు. తనకు అయిదు కండెలు పోయి, ఇంట్లోవాళ్లతో కలిపి నాలుగైనా ఆయన ముఖం మారలేదు. నేను ఆయన్ను తలుచుకున్నప్పుడల్లా ఆ గంపే గుర్తొస్తుంది.

లెక్కపెట్టే పని నాకు పెట్టారు. పెద్దవాళ్లు ఎవరు లెక్కపెట్టినా ఇంకొకరికి అనుమానం, పిల్లయితే పరవాలేదు. లెక్కపెట్టేవాళ్లు కండె వేయకూడదని కూడా అన్నారు, అది సరే. అప్పుడే రామలింగప్ప నాయనతో సరదాగా ఒక మాట అన్నాడు. కొళాయి నీ వాకిట్లోకి వస్తే ఈ పిల్లనే దాని పక్కన పీట వేసి కూర్చోబెడదాం, ఎవరి వంతు ఎప్పుడో, ఎవరికి ఎన్ని కుండలో ఇంత బాగా ఎవరు చూస్తారు అని. నాయన మీసంలో నవ్వాడు. నేనూ పొంగిపోయాను. అమ్మ తలుపు వెనక నిలబడి ఉంది. ఆమె మగవాళ్ల ముందు మాట్లాడటం నేను అప్పటిదాకా వినలేదు. ఆ రోజు ఆమె కూడా కొంగు చాటున కండె పట్టుకుని బయటికి వచ్చి, కుండలో వేసి, మళ్లీ తలుపు దగ్గరికి పోయింది.

గుడ్డ విప్పి చాప మీద పోశాను. ఎనభై మూడు. నూలువి ఒక కుప్ప, ఒట్టివి ఒక కుప్ప. నూలువి నలభై ఒకటి. ఒట్టివి నలభై ఒకటి. చేతిలో ఒకటి మిగిలింది. దాని మీద నూలు ఉంది గానీ నాలుగైదు చుట్లే ఉంది. నీలం నూలు. ఆ నెలలో నీలం అంచు నేస్తున్నది మా ఒక్క మగ్గమే. అంటే అది మా ఇంటి కండె. నాయనదో, అవ్వదో, అమ్మదో తెలియదు. కానీ మా ఇంట్లో ఎవరైనా మా వాకిట్లోకి కొళాయి వద్దంటారా? నేను దాన్ని నూలు కుప్పలో పెట్టాను. ఆ తర్వాత నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను, ఎన్నో వేల పేపర్లు దిద్దాను, అరమార్కు కూడా ఊరికే వేయలేదు. ఆ ఒక్క కండె విషయంలో మాత్రం నాకు కావలసిన జవాబు ముందు రాసుకుని లెక్క తర్వాత చేశాను.

మొగదల ఇంటి ఆడమనిషి ఒకామె వెంటనే పట్టుకుంది. అది ఒట్టి కండె కదా అంది. మగవాళ్లు, నూలు కనబడతాండాదే అన్నారు. చూడండి, తగువు ఎంత చిత్రంగా చీలిందో. మొగదల, దిగువ అని కాదు. నేసేవాళ్లందరికీ అది నూలున్న కండె, ఎందుకంటే నాడె ఇంకో నాలుగుసార్లు పోయి నాలుగు పోట్లు పడతాయి. చుట్టేవాళ్లందరికీ అది ఒట్టి కండె, ఎందుకంటే అది గంపలో పడి మళ్లీ చుట్టడానికే వస్తుంది. ఒకే ఇంట్లో, ఒకే కండెను మొగుడూ పెళ్లామూ ఇన్నేళ్లుగా చెరొక పేరుతో పిలుస్తున్నారని ఆ రోజే అందరికీ తెలిసింది. పావుగంట అరుచుకున్నారు. మళ్లీ వేద్దామన్నారు కొందరు. ఇంకొకరు నన్నే తేల్చమన్నారు.

అమ్మ తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చింది. కొంగు సవరించుకోలేదు, గొంతు పెంచలేదు.

“అది నేనేసింది. గంపలోంచి తీసినా. ఒట్టిదే” అంది. నాయన తలెత్తి ఆమెను చూశాడు. అమ్మ ఆయన్ను చూడలేదు, అవ్వను చూసింది. “నీళ్లు నేను మోస్తా. పిల్ల బడికి పోతాది. అందరూ ఇంటాండారు కాబట్టి ఈడనే సెప్తాండా.”

అంతే. కండెను నా ముందు నుంచి తీసి ఒట్టి కుప్పలో తనే పెట్టింది. నలభై రెండు, నలభై ఒకటి. నేను లెక్క గట్టిగా చదవాలి, చదివాను.

ఇంట్లో అయితే అవ్వ ఆ మాటను ఒక్క చూపుతో తోసేసేది. వీధి అంతా నిలబడి విన్న మాటను తోయడం ఆమెకు కూడా కుదరలేదు. పైగా ప్రతి చెయ్యికీ కండె అన్నది ఆమే. “సరే, మోయి” అంది. తర్వాత నా వైపు తిరిగి, నువ్వేంది మే అట్ల చూస్తాండావు, లెక్క అయిపోయింది, కండెలు ఏరు, అంది.

నేను రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. మూడో రోజు రాట్నం దగ్గర ఆమే చెప్పింది. కొళాయి వాకిట్లో ఉంటే నన్ను పీట మీద కూర్చోబెడతారని, ఎవరో ఒకరు వంతు తప్పారని తగువు తెస్తారని, నీళ్లకు జనం చేరే వేళా బడి వేళా ఒకటేనని, ఒకసారి కూర్చున్న పీట మీద నుంచి ఆడపిల్లను ఎవరూ లేపరని. రామలింగప్ప సరదాగా అన్న మాటను ఎనభై మంది విన్నారు, దాని అర్థం ఆమె ఒక్కతే విన్నది. ఎవరో పెద్దమనిషి మా అందరి తరఫునా తేల్చి ఉంటే, మంచి మనసుతోనే తేల్చినా, ఈ సంగతి ఆయనకు తట్టే దారి లేదు. మా నాయనకే తట్టలేదు. మనుషులను నేరుగా అడగాలని నేను ఇప్పటికీ పట్టుబట్టేది అందుకే. అడిగితే తప్ప తెలియనివి ప్రతి ఇంట్లో తలుపు వెనక నిలబడి ఉంటాయి.

ఓడినవాళ్లలో కొందరికి మనసు ఒప్పలేదు. నీళ్లు కారితే వాలుకు వచ్చి మన పడుగులే తడుస్తాయి, ఓవర్సీరును విడిగా కలుద్దాం రమ్మని నాయనను పిలిచారు. నాయన దిగువ కోసం వారం రోజులు ఇంటింటికీ తిరిగిన మనిషి, అమ్మతో ఇంకా ముభావంగానే ఉన్నాడు. అయినా మగ్గం మీద నుంచి లేవకుండానే, “నా కండె కూడా ఆ కుండలోనే ఉండాది. ఓడినాక కుండ మంచిది కాదంటే ఎట్లప్పా?” అన్నాడు. ఆ మాట మొగదలకు చేరింది. వచ్చే అమావాస్యకు రామలింగప్ప ఇంటివాళ్లూ, మొగదలవాళ్లూ కలిసి వీధి పక్కగా కాలువ తవ్వారు. ఎట్లా తవ్వాలో, ఎంత వాలు ఉండాలో మరియమ్మ నిలబడి చెప్పింది. కండె లేని మనిషి ఆ రోజు అయిదు మగ్గాల ఆసామికి పార పట్టడం నేర్పించింది, పారను తప్పుగా పట్టినప్పుడల్లా అన్నా అన్నా అంటూనే తిట్టింది.

ఓవర్సీరు ఎనభై మూడు వేలిముద్రల కాగితం చూసి, మళ్లీ ఒకసారి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడట. మా కొళాయిని ఎవరూ విరవలేదు. ఒక్క అర్జీ పోలేదు. వాషరు అరిగితే వీధివాళ్లే మార్చుకున్నారు, ఆఫీసు నుంచి మనిషి రావలసిన పని పడలేదు. ప్రభుత్వానికి దీనివల్ల ఏం లాభం అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. జనాన్ని ముందు అడిగితే ఒక మధ్యాహ్నం పోతుంది. అడగకపోతే ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నమూ పోతుంది. ఇప్పుడు ఐదేళ్లకోసారి వేలికి సిరా పెట్టించుకుని ఇంటికి వస్తాం. వార్డు సభ జరిగిందని సంతకాలు ఇంటికే వచ్చి తీసుకుపోతారు. ఊరంతటినీ ఒక వసారా ముందు కూర్చోబెట్టలేమని నాకూ తెలుసు. ఆదోని పట్టేంత చాప ఎవరూ అల్లలేరు. కానీ ఒక వీధి కొళాయికి, కాలువకు, ఖాళీ స్థలానికి చాప సరిపోతుంది. అందరి చేతుల్లోనూ ఫోన్లున్న రోజుల్లో ఇంటికి ఒకటే గడి ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

నేను ప్రార్థనకు ముందే బడికి చేరిన రోజులు ఆ తర్వాత మొదలయ్యాయి. చదువు అయి, లెక్కల టీచరుగా ఆదోనిలో చేరి, మొదటి సెలవులకు ఎమ్మిగనూరు వచ్చినప్పుడు ఒక కాగితం అమ్మ ముందు పెట్టాను. ఆమె జొన్నలు చెరుగుతోంది. నాయన లోపల మగ్గం మీద ఉన్నాడు. మొగదల కొళాయి మా గడప నుంచి నూట తొంభై అడుగులు. పోను రాను మూడు వందల ఎనభై. రోజుకు అయిదు తిరుగుళ్లు, పంతొమ్మిది వందలు. హైస్కూలు నాలుగేండ్లకు ఇరవై ఏడు లక్షల డెబ్బై నాలుగు వేల అడుగులు. కాలి అడుగుకు టేపు మీద రెండడుగుల కొలత వేసుకున్నా, ఎమ్మిగనూరు నుంచి కాశీ దాకా నడిచి, ఇంకా కొంత ముందుకు పోయినంత దూరం. చదివి వినిపించాను. ఆమె చేట ఆపి, సంతోషపడుతుందనుకుంటే, నొసలు చిట్లించింది.

“తప్పు. నాకు టైఫాయిడు వచ్చినప్పుడు ఇరవై రెండు దినాలు మీ నాయన మోసినాడు. తెల్లవారకముందే పోయి తెచ్చేవాడు, ఎవరూ చూడకుండా. అవి తీసెయ్” అంది.

నాకు ఆ సంగతి తెలియదు, పక్కింటివాళ్లు తెచ్చి పోస్తున్నారనే అనుకున్నాను. అప్పట్లో మా వీధిలో మగవాడు నీళ్ల కుండ ఎత్తడం ఎవరూ చూసి ఉండలేదు. అందులోనూ దిగువ కోసం అంత తిరిగి ఓడిపోయిన మనిషి, మొగదల దాకా పోయి, నెత్తిన కుండతో రావడం. నేను పెన్ను తీసి ఇరవై రెండును పంతొమ్మిది వందలతో గుణిస్తున్నాను. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

“ఇరవై నాలుగు” అన్నాడు నాయన గుంటలోంచి. “మొదటి రెండు దినాలు దానికి ఒంటి మీద తెలివి లేదు.”

మళ్లీ మగ్గం ఆడింది. నేను కొట్టేసి, నలభై అయిదు వేల ఆరువందలు తీసివేశాను.